చిరునామా ఇస్తే సరిపోదు

తాగుడు మానాలనుకునేవాళ్లకు డాక్టర్లు మందులు రాసిచ్చాక చివర్లో చెప్పే మాట ఒకటుంది: దగ్గర్లో ఏఏ మీటింగు ఉంటే వెళ్లండి. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో, తాగుడు వల్ల చితికిపోయిన బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ ఒకరికొకరు ఆసరాగా నిలబడటంతో ఇది మొదలైంది. 1957లో మన దేశానికీ వచ్చింది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, మానాలన్న కోరిక ఉంటే చాలు. అయినా వెళ్లమన్నవాళ్లలో చాలామంది వెళ్లరు. దాంతో ‘వాడికి మానాలని లేదు’ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. ఈ తీర్పు తప్పు. ఆ మనిషిని మీటింగు దాకా చేర్చే పనిని మనం సగంలో వదిలేస్తున్నాం.

దీనికి 1981లో సిస్సన్, మాలమ్స్ అనే పరిశోధకులు అమెరికాలో చేసిన చిన్న ప్రయోగం మంచి సాక్ష్యం. చికిత్సకు వచ్చిన 20 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మీటింగు ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో చెప్పి, వెళ్లమని ప్రోత్సహించారు. రెండో జట్టు విషయంలో, రోగి ఎదురుగా ఉండగానే కౌన్సెలర్ ఒక పాత సభ్యుడికి ఫోన్ చేసి ఇద్దరినీ మాట్లాడించారు. మొదటి మీటింగుకు తీసుకెళ్లే బాధ్యత ఆ సభ్యుడు తీసుకున్నారు. రెండో జట్టులో అందరూ వెళ్లారు. మొదటి జట్టులో ఒక్కరూ వెళ్లలేదు. ఇరవై మందితో చేసిన ప్రయోగాన్ని ఒంటరిగా నమ్మకూడదు, నిజమే. కానీ 2006లో టిమ్కో బృందం 345 మందితో చేసిన అధ్యయనం కూడా ఇటే చూపింది: అంతకుముందు మీటింగులకు పెద్దగా వెళ్లని రోగులు, ఇలా దగ్గరుండి పరిచయం చేస్తే ఎక్కువసార్లు హాజరయ్యారు. ఇందులో వింతేమీ లేదు. వ్యసనంలో ఉన్న మెదడు రేపటి మేలు కన్నా ఈ పూట ఉపశమనానికే ఎక్కువ విలువ కడుతుందని ఎన్నో ప్రయోగాలు చూపాయి. మీటింగులు చాలావరకు సాయంత్రాలే. సరిగ్గా తాగాలనిపించే వేళకు బయల్దేరి, ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య కూర్చోవాలి. ఆ సమయంలో జేబులోని చీటీ చేయగలిగింది చాలా తక్కువ.

అసలు మీటింగుకు వెళ్లేవాళ్లు ఎలాగూ మానేవాళ్లే కదా, వాళ్ల పట్టుదల ఫలితాన్ని మీటింగు ఖాతాలో వేస్తున్నారేమో అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2006లో చేసిన సమీక్ష కూడా గట్టి రుజువు లేదనే చెప్పింది. 2020 నాటికి పరిస్థితి మారింది. 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా రోగులను పరిశీలించిన కొత్త సమీక్షలో, ఏఏలో చేరేలా పద్ధతిగా సిద్ధం చేసిన వాళ్లలో వందకు 42 మంది ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నారు. ఇతర చికిత్సలు పొందినవాళ్లలో 35 మంది. ఎవరు ఏ జట్టులో ఉండాలో లాటరీ పద్ధతిలో తేల్చిన అధ్యయనాల్లోని లెక్క ఇది. అంటే పట్టుదల గలవాళ్లు రెండు వైపులా సమానంగానే ఉంటారు. ఏడుగురి తేడాను తక్కువగా చూడకూడదు, ఎందుకంటే అవతలివాళ్లకు అందినవీ మంచి చికిత్సలే. నాకు ముఖ్యంగా కనిపించేది మరొకటి: అక్కడ పరీక్షకు పెట్టింది కౌన్సెలర్ పూనుకుని చేసిన ఆ అనుసంధానాన్ని, ఉత్త చిరునామాను కాదు.

మీటింగుల్లో దేవుడి మాట వినిపిస్తుందని కొందరు వెనకాడతారు. ఏఏ ఏ మతానికీ చెందదు. మీటింగు చర్చి హాల్లో జరిగినా అది చోటు వరకే. నాస్తికులకు ఆ భాష ఇబ్బందిగానే ఉండొచ్చు. వాళ్లకు స్మార్ట్ రికవరీ లాంటి బృందాలున్నాయి, ఆన్‌లైన్‌లోనూ నడుస్తాయి. చిన్న ఊళ్లో అందరికీ తెలిసిపోతుందన్న భయం ఇంకా పెద్దది. అలాంటివాళ్లు పక్క పట్టణంలోని మీటింగుకు వెళ్లవచ్చు. అక్కడా తోడు వచ్చేవాళ్లుంటేనే బస్సెక్కుతారు.

అన్నిటికన్నా గంభీరమైన అభ్యంతరం వైద్యులది, దానికి తలొగ్గాల్సిందే. మద్యం మెదడు చురుకును అణచిపెడుతుంది. రోజూ తాగే మెదడు దానికి ఎదురుగా తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. ఉన్నట్టుండి మద్యం ఆగిపోతే ఆ ఉద్రేకానికి అడ్డు ఉండదు. చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతిభ్రమణం దాకా వెళ్లి ప్రాణం మీదకు రావచ్చు. కల్తీ కల్లు తాగేవాళ్లకు అందులో కలిపే ఆల్ప్రజోలం లాంటి మత్తుమందు వల్ల ప్రమాదం మరింత ఎక్కువ. 2020 లాక్‌డౌన్‌లో కల్లూ మద్యమూ దొరక్క ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం పోటెత్తడం తెలంగాణ చూసింది. అందుకే రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ముందు డాక్టరు పర్యవేక్షణలో ఆపాలి, ఆ తర్వాతో, దాంతో పాటో మీటింగు.

2019 జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆ ఒక్కరూ ఆసుపత్రి గడప దాటి వెళ్లేలోపే డాక్టరో నర్సో మీటింగు సభ్యుడితో ఫోన్‌లో మాట్లాడించాలి. ఆసుపత్రి దాకా రానివాళ్ల కోసం ఇంట్లోవాళ్లు 14446 జాతీయ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, దగ్గర్లో ఎక్కడ సాయం దొరుకుతుందో అడగవచ్చు. ఏఏ నంబరు దొరికితే అడగాల్సిన ప్రశ్న ‘మీటింగు ఎక్కడ’ అన్నది ఒక్కటే కాదు. ‘మొదటి రోజు మావాడికి తోడుగా ఎవరైనా వస్తారా’ అని కూడా అడగాలి. ఆయన ఇంకా కదలకపోయినా, కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ మీటింగుకు భార్యో తల్లో ముందే వెళ్లవచ్చు. దానికి ఆయన అనుమతి అక్కర్లేదు.