చక్రం గిర్రున తిరిగే... బండి కదలదాయె!

దెగ్లూర్: వాన వెలిసింది. ఎదురుగా లారీ వస్తోందని కారును కాస్త పక్కకు దించారు. ముందు ఎడమ చక్రం నల్లరేగడిలో, కుడి చక్రం తారు మీద. ఎక్సలేటర్ తొక్కితే ఎడమ చక్రం గిర్రున తిరిగి బురద ఎగజిమ్ముతుంది. గట్టి నేలపై ఉన్న కుడి చక్రం మాత్రం ఉలకదు, పలకదు. ఎందుకలా?

నాందేడ్-సంగారెడ్డి మధ్య 161వ నంబరు జాతీయ రహదారి దిగి ఊరిబాట పట్టారంటే రేగడి మట్టే. ఎండకు నెర్రెలు బారే ఈ నేల తడిస్తే ఉబ్బి జిగటగా మారుతుంది. టైరు గాళ్లలో నిండిందంటే కొత్త టైరు కూడా గుండు టైరే. పొలాల నుంచి వచ్చే ట్రాక్టర్లు అదే మట్టిని తారు రోడ్డుకూ పూస్తాయి. చిఖల్ అన్నా, బురద అన్నా టైరుకు ఒకటే!

తిరకాసు డిఫరెన్షియల్‌లో...

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలిది తక్కువ దూరం పోవాలి. అందుకే రెంటి మధ్య డిఫరెన్షియల్ ఉంటుంది. అది రెండు వైపులా బలాన్ని సమానంగా పంచుతుంది. చిక్కంతా ఇక్కడే. బురదలో జారే చక్రం ఎంత కొద్ది బలం తీసుకుంటే, తారు మీది చక్రానికీ అంతే దక్కుతుంది.

బ్రేకు వేస్తేనే ముందుకు

ట్రాక్షన్ కంట్రోల్ ఈ చిక్కునే విప్పుతుంది. ప్రతి చక్రం దగ్గరున్న ఏబీఎస్ సెన్సర్ వేగాన్ని లెక్కిస్తుంటుంది. ఒకటి మిగతావాటికంటే జోరుగా తిరిగితే కంప్యూటర్ జారుడును పసిగట్టి ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది. ఇప్పుడు దాన్ని తిప్పాలంటే ఇంజను ఎక్కువ బలం పెట్టాలి. అంతే బలం అవతలి చక్రానికీ చేరుతుంది, బండి కదులుతుంది. అవసరమైతే ఇంజను జోరునూ తగ్గిస్తుంది.

జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1978లో ఏబీఎస్‌ను, 1986లో ట్రాక్షన్ కంట్రోల్‌ను తెచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి. అది ఉన్నంత మాత్రాన ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఉన్నట్టు కాదు. కొనేటప్పుడు అడిగి చూసుకోవాలి.

లైటు మిణుకుమంటే భయం లేదు

డాష్‌బోర్డుపై కారు బొమ్మ, దాని కింద వంకర గీతలు. చాలా కార్లలో ఇదే గుర్తు. అది మిణుకుమంటే చెడిపోయిందని కొందరు మెకానిక్ దగ్గరికి పరుగెత్తుతారు. నిజానికి పని చేస్తోందని అర్థం. ఆరకుండా వెలుగుతూనే ఉంటేనే లోపమో, ఆపేసి ఉండడమో.

చక్రం సగం దిగబడేంత లోతు బురదలో మాత్రం ఇదే అడ్డొస్తుంది. చక్రం తిరిగితేనే అంటుకున్న మట్టి ఊడిపడుతుంది. ఇంజను జోరు తగ్గితే బండి అక్కడే ఉండిపోతుంది. అప్పుడు బటన్ నొక్కి ఆపేయాలి. రోడ్డెక్కాక మళ్లీ వేయడం మరవొద్దు.

ఇక, ఇది ఉంది కదా అని వానలో వేగం పెంచితే కొంప మునుగుతుంది. అరిగిన టైరుకు ఇది పట్టు తేలేదు. నిలిచిన నీటిపై టైరు తేలిపోతే చేసేదేమీ లేదు. మలుపులో కారు పక్కకు జారితే కాపాడేది ఈఎస్‌పీ, అది వేరే.

ఇవేవీ లేని పాత కారయితే? రెండో గేరులో క్లచ్ మెల్లగా వదలాలి. చక్రం కింద గోనెసంచో, పత్తికట్టెలో వేసి చూడాలి. తోసేవాళ్లను తిరిగే చక్రం వెనక నిలబడనీయొద్దు.