చెక్క పలకపై చిన్న కర్మాగారం

ఈత నేర్చుకోవాలంటే నీటిలో దిగక తప్పదు. అయినా ఏ తండ్రీ బిడ్డను వరద గోదావరిలో దింపడు. ముందు ఊరి చెరువులో దింపుతాడు. కర్మాగార యంత్రాలను నడిపే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్, అనగా పి.ఎల్.సి., విషయంలోనూ అంతే. నడుస్తున్న కన్వేయర్ మీద కొత్తవారి చేత ప్రోగ్రాము వ్రాయించి చూడలేము. పుస్తకం చదివినంత మాత్రాన చేయి తిరగదు.

1959 ఫిబ్రవరి 4న భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన నాటికి పి.ఎల్.సి. పుట్టనేలేదు. యంత్రాల క్రమాన్ని రిలేలు కాపాడేవి. క్రమం మార్చాలంటే తీగలు మార్చవలసిందే. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ ఈ శ్రమను తప్పించే సాధనాన్ని కోరింది. డిక్ మోర్లీ బృందం రూపొందించిన మోడికాన్ 084 ఆ అవసరం తీర్చింది. రిలే పటాలకు అలవాటుపడిన విద్యుత్ సిబ్బందికి పరాయిగా తోచకుండా ప్రోగ్రామును నిచ్చెన మెట్ల రూపంలో ఉంచారు. ఆ ల్యాడర్ పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది.

డిప్లొమా ముగించిన ఇరుగుపొరుగు పిల్లల కోసం రిసాలిలోని మా ఇంట్లో మేము ఒక అభ్యాస పలకను అమర్చుకున్నాము. మూడడుగుల ప్లైవుడ్, ఎనిమిది ఇన్‌పుట్లు, ఆరు అవుట్‌పుట్లు గల పాత పి.ఎల్.సి., 24 వోల్టుల డి.సి. సప్లై, ఫ్యూజు, నాలుగు పుష్ బటన్లు, రెండు స్విచ్చులు, ఆరు దీపాలు: ఇంతే సరంజామా. పాత పి.ఎల్.సి. కొనేముందు దాని సాఫ్ట్‌వేరు, కేబులు దొరుకుతాయో లేదో విచారించాలి. అవి లేనిదే అది తాళంచెవి లేని పెట్టె. అదీ భారమనుకునేవారు ఉచితంగా లభించే ఓపెన్‌పి.ఎల్.సి. సాఫ్ట్‌వేరును ఆర్డుయినో ఊనో బోర్డుపై వాడుకోవచ్చును. అయితే అది 5 వోల్టుల బోర్డు. 24 వోల్టులు నేరుగా కలిపితే పాడవుతుంది. 230 వోల్టుల భాగాన్ని మాత్రం మూసిన పెట్టెలో, తెలిసినవారి చేతనే అమర్పించాలి.

మా పలక మీద మోటారు లేదు. దీపం వెలిగితే మోటారు తిరిగినట్లు. మూడు దీపాలు మూడు కన్వేయర్లు. సరుకు చేరే చివరి కన్వేయర్ మొదట కదలాలి, తరువాత దాని వెనుకది, ఆపైన మొదటిది. మధ్యది ఆగితే మొదటిది తక్షణం ఆగాలి. లేకుంటే ఖనిజం గుట్టపడుతుంది.

ఒకనాడు ఒక కుర్రవాడు స్టార్ట్, స్టాప్ ప్రోగ్రాము వ్రాశాడు. ఒక బటన్ నొక్కితే దీపం వెలిగింది, మరొకటి నొక్కితే ఆరింది. అతడు పొంగిపోయాడు. మేము స్టాప్ బటన్ తీగ ఊడదీసి, మళ్లీ నొక్కమన్నాము. దీపం ఆరలేదు. అతని ముఖం వెలవెలబోయింది. అది నిజమైన కన్వేయర్ అయి, ఎవరి చేయో అందులో చిక్కుకొని ఉంటే ఏమయ్యేదో మేము చెప్పనవసరం లేకపోయింది.

అతడు నొక్కినప్పుడు కలిసే కాంటాక్టు వాడాడు. స్టాప్ బటన్‌కు ఎప్పుడూ కలిసి ఉండి, నొక్కితే విడిపోయే కాంటాక్టు ఉండాలి. అప్పుడు తీగ తెగినా బటన్ నొక్కినట్లే, యంత్రం ఆగుతుంది. ఆ ఇన్‌పుట్‌కు మామూలుగా విద్యుత్తు అందుతూనే ఉంటుంది కనుక ల్యాడర్‌లో దానిని ఓపెన్ కాంటాక్టుగానే వ్రాయాలి. కొత్తవారు తరచుగా తడబడేది ఇక్కడే. ఇక అత్యవసర స్టాప్ కేవలం ప్రోగ్రామును నమ్ముకొని ఉండరాదు. అది మోటారు కాంటాక్టర్ సరఫరాను నేరుగా త్రెంచాలి.

కంప్యూటర్ తెర మీద మాత్రమే నేర్చుకునేవారికి ఈ పాఠం సులభంగా అందదు. అక్కడ ఊడిపోవడానికి తీగ ఉండదు. ఆ కుర్రవాడు ఇప్పుడు ఏ ప్రోగ్రాము వ్రాసినా ముందుగా తానే ఒక తీగ ఊడదీసి చూస్తున్నాడు. పాత సామాను పోగుచేయగల ఉద్యోగి మిత్రులు తమ ఇళ్లలోనూ ఇటువంటి పలకను అమర్చి, పిల్లల చేత తప్పులు చేయించి దిద్దుతారని ఆశిస్తున్నాము.