ఆపుటయే కష్టము

మన బండివానికి ముల్లుగఱ్ఱ ప్రాణము. ఎద్దు మొరాయించినప్పుడు దానితోనే పని. అలాస్కాలో కుక్కలు లాగు మంచుబండి తోలువానికి అది యక్కరకు రాదు. అతనికి కావలసినవి, కాలితో నొక్కి వేగము తగ్గించు సాధనమొకటి, మంచులో దిగగొట్టి బండిని నిలుపు ఇనుపకొక్కెమొకటి. పట్టెడలు చేతబట్టి యతడు కనబడినతోడనే కుక్కలన్నియు మోరలెత్తి యూళలువేయుచు, నేల విడిచి యెగురుచు, కొక్కెము సరిగా దిగకున్నచో యజమానిని వెనుక విడిచి వట్టి బండినే యీడ్చుకొని పోవుటయు కద్దు. లాగుటయందు వానికుండు తహతహ ఆకలివంటిది.

కళ్ళెములేని యీ జట్టును నడపునది నోటిమాట. ‘జీ’ యన్నచో వలపటికి, ‘హా’ యన్నచో దాపటికి మరలును. బండి నానుకొనియుండు జోడికి కండబలము కావలెను; అన్నిటికి ముందు నడచు నాయకునికి బుద్ధిబలము. కాలిక్రింది మంచు పలుచనైనదని తోచినచో, యజమాని యెంత గద్దించినను అడుగు కదపని కుక్కయే ఉత్తమ నాయకుడట. శునకమనగానే విధేయతను తలచు మన యలవాటును ఇచ్చట కొంత సవరించుకొనవలెను.

లియోన్‌హార్డ్ సెప్పాలా యనెడి నార్వే దేశీయుడు అలాస్కాలోని నోమ్ పట్టణమున పెంచిన అట్టి నాయక శునకము టోగో 1913లో పుట్టినది. పిల్ల రోగిష్టిది, పొట్టిది, పైగా వట్టి యల్లరిది. పనికిరాదని ఆరవ మాసమున నెవరికో పెంపకమున కిచ్చివేయగా, కిటికీ యద్దమును పగులగొట్టుకొని దూకి, మైళ్లదూరము పరుగెత్తి మరల తన చోటికే వచ్చెను. ఆపై కట్టివేసినను తప్పించుకొని, బండివెంటబడి, ఎదురువచ్చు జట్లను రెచ్చగొట్టి, సెప్పాలాను వేసరించెను. విసిగి యాతడు ఎనిమిది మాసముల యా పిల్లకు పట్టెడ తొడుగగా అల్లరి యంతయు నణగెను; ఆ యొక్కనాడే 75 మైళ్లు లాగి, సాయంకాలమునకు జట్టు ముందరి స్థానమునకు వచ్చెను. నీలికన్నుల సొగసు చూచి హస్కీ జాతి కుక్కలను మన నగరముల మేడగదులలో పెంచువారు, పరుపులు చినిగినవని వాపోవుట విన్నప్పుడెల్ల నాకు టోగో బాల్యమే స్ఫురించును.

1925 జనవరిలో నోమున డిఫ్తీరియా చెలరేగగా, నెనానా రైలుస్టేషను నుండి 674 మైళ్ల మంచుదారిని 20 మంది తోలువారు, ఒకరి చేతినుండి యొకరందుకొనుచు, సుమారు 150 కుక్కల బలముతో అయిదున్నర దినములలో మందు చేర్చిరి. అందు సెప్పాలా వంతు 91 మైళ్లు. నార్టన్ అఖాతముపై పేరుకొనిన మంచును పెనుగాలిలో, రాత్రివేళ దాటుటయు నందులోనిదే. ముందేమున్నదో కానరాని యా చీకటిలో ఆతడు తన ప్రాణములను 12 ఏండ్ల టోగో ముక్కునకు, పాదములకు అప్పగించెను.

కడపటి వంతు లాగి యూరు చొచ్చిన బాల్టోకు ఆ యేడాదియే న్యూయార్కు సెంట్రల్ పార్కున కంచు విగ్రహము లేచెను. సెప్పాలా మనసున నది ముల్లై నిలిచెనందురు. టోగో మాత్రము, నోమునకు తిరిగివచ్చు దారిలో రైన్‌డీరు మంద కంటబడగానే, ఇంకొక కుక్కతో గూడి జట్టును వదలి వాని వెంట పరుగెత్తిపోయెను.