నడుము పట్టేస్తే ఏం చేయాలి?



ఎద్దు కాలు కుంటితే ఆ పూటే పశువుల డాక్టరు దగ్గరకు తోలుకొని పోతాము. బోరు మోటారు కాలితే మరునాటికల్లా బాగుచేయిస్తాము. మన నడుము పట్టేస్తే మాత్రం "అదే తగ్గుతుందిలే" అని ఊరుకొంటాము. లేదా ఎవరు ఏది చెప్తే అది చేయించుకొంటాము. సేద్యానికి మొదటి పనిముట్టు మన ఒళ్ళే గదా! నాట్ల రోజుల్లో ఇంటి మనిషి పది రోజులు మంచం పడితే అదను దాటిపోతుంది, కూలి ఖర్చు మీద పడుతుంది. కాబట్టి నడుము, మెడ, భుజం నొప్పులు ఎందుకు వస్తాయి, చేత్తో చేసే వైద్యం ఎంతవరకు పనికివస్తుంది, ఎప్పుడు ఎవరినీ ఒంటిమీద చేయి వేయనీయకూడదు అనే సంగతులు ఈరోజు చెప్పుకొందాము.

ముందుగా ఒక మాట. ఈ బాధ మీ ఒక్కరిదే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. అంటే సుమారు 13 మందిలో ఒకరన్నమాట.

నొప్పి ఎందుకు వస్తుంది?

వెన్నెముక ఒకే కర్రలాంటి ఎముక కాదు. మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. ఆ అడుగున ముడ్డిపూస. పూసకూ పూసకూ మధ్య మెత్తని బిళ్ళ ఉంటుంది. ఈ వరుసను నిలబెట్టేవి చుట్టూ ఉన్న కండరాలు. పందిరి గుంజను నాలుగు వైపులా తాళ్ళు లాగి పట్టుకొన్నట్లే అవి వెన్నును పట్టుకొంటాయి. ఒక తాడు మీదే పొద్దస్తమానం భారం పడితే అది అలిసిపోతుంది, బిగుసుకుపోతుంది.

మన పనులు చూడండి. నాటు వేసే ఆడవాళ్ళు పొద్దున వంగితే అన్నం వేళకు గాని నడుము ఎత్తరు. కలుపు తీసేటప్పుడూ అంతే. మందు కొట్టే డబ్బాలో 16 లీటర్ల నీళ్ళు పడితే ఆ నీళ్ళే 16 కిలోలు. డబ్బా బరువు దానికి అదనం. దాన్ని భుజాన వేసుకొని బురదలో నడవాలి. నెత్తిన గడ్డిమోపు పెడితే ఆ భారమంతా మెడ మీదే. ఇక వడ్ల బస్తా సంగతి మీకు చెప్పనవసరం లేదు.

పలుగుతో బండను లేపేటప్పుడు పలుగు ఎంత పొడవుంటే బండ అంత తేలికగా లేస్తుంది. బరువు ఎత్తేటప్పుడు ఇదే సూత్రం మనకు ఎదురు తిరుగుతుంది. వంగి, చేతులు చాచి బస్తాను పట్టుకొంటే బస్తా పలుగు చివర ఉన్నట్లు. మన నడుము ఈ చివర ఉన్నట్లు. బరువు ఒంటికి దూరమైన కొద్దీ నడుము మీద పడే భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అలా ఎత్తుతూనే పక్కకు తిరిగితే ఇక చెప్పేదేముంది? "కలుక్కుమంది" అని అక్కడే కూలబడతాము.

అయితే ఆ కలుక్కుమన్నది పూస జారడం కాదు. మామూలు నడుము నొప్పుల్లో నూటికి తొంభై పాళ్ళు కండరాలు, కీళ్ళు పట్టేయడం వలన వచ్చేవే. ఎక్కువ భాగం కొద్ది వారాల్లో వాటంతట అవే సర్దుకొంటాయి.

మొదటి రెండు మూడు రోజులు

నొప్పి రాగానే మంచం ఎక్కి కదలకుండా పడుకోవడం వెనుకటి పద్ధతి. అది మంచిది కాదని ఇప్పుడు తేలింది. 1986లో అమెరికా డాక్టర్లు కొందరు నడుము నొప్పి రోగులకు 2 రోజుల పడక, మరి కొందరికి 7 రోజుల పడక చెప్పి చూశారు. రెండు రోజులు చెప్పినవారే పనికి తక్కువ నాగాలు పెట్టారు. కాబట్టి నొప్పి మరీ తీవ్రంగా ఉంటే ఒకటి రెండు రోజులు పడుకోండి. తరువాత ఇంట్లో, పెరట్లో మెల్లగా నడవండి. బరువులు మాత్రం ఎత్తవద్దు.

ఉప్పు మూట కాపడం, వావిలాకు వేసి కాచిన నీళ్ళ స్నానం మన పెద్దలు చెప్పినవే. వెచ్చదనం పట్టేసిన కండరాన్ని వదులు చేస్తుంది, చేయవచ్చు. చర్మం కాలకుండా చూసుకోవాలి. షుగరు జబ్బువల్ల ఒంటిమీద స్పర్శ తగ్గినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

నొప్పి బిళ్ళల విషయంలో ఒక హెచ్చరిక. దుకాణంలో అడిగి కొని, పనికి పోయేముందు రోజూ ఒకటి మింగే అలవాటు చాలా ఊళ్ళలో ఉన్నది. డైక్లోఫెనాక్ వంటి మందులు రోజుల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎండలో చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ హాని ఇంకా ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల రైతులు డాక్టరు చెప్పకుండా వీటిని ముట్టనే కూడదు.

చేత్తో చేసే వైద్యం

మన పల్లెల్లో నడుము పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత తొక్కించుకొంటారు. మెడ పట్టేస్తే క్షవరం చేసే చోట మెడను ఇటూ అటూ "టక్కు"మనిపించుకొంటారు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోతారు. ఆ కట్టు విరిగిన ఎముక కోసం పుట్టినది. నడుము నొప్పికి దానితో పనిలేదు.

ఇటీవల పట్టణాల్లో కైరోప్రాక్టిక్ అనే బోర్డులు కనబడుతున్నాయి. సెల్ ఫోన్లలో వీడియోలు చూసి మన కుర్రవాళ్ళు కూడా అడుగుతున్నారు. ఇది అమెరికాలో పుట్టిన విద్య. 1895లో అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్ పట్టణంలో డి.డి. పామర్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడు. ఆయన మొదటి రోగి హార్వే లిల్లార్డ్ అదే భవనంలో పనిచేసే మనిషి. ఒకసారి వంగి పనిచేస్తుండగా వీపులో ఏదో కలుక్కుమని, అప్పటినుంచి చెవుడు వచ్చిందని అతను చెప్పాడట. పూస సరిచేసి ఆ చెవుడు పోగొట్టానని పామర్ చెప్పుకొన్నాడు. రోగాలన్నిటికీ మూలం పూసలు పక్కకు జరగడమేనన్నది ఆయన వాదం. ఆ వాదాన్ని నేటి వైద్యశాస్త్రం ఒప్పుకోదు. చెవుడు, షుగరు, బి.పి. వీపు నొక్కితే పోతాయని ఎవరన్నా చెప్తే నమ్మవద్దు.

మరి నడుము నొప్పికి ఇది అసలు పనికిరాదా? పనికివస్తుంది, కొంతవరకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలపు నడుము నొప్పిపై ఇచ్చిన సూచనల్లో వ్యాయామం, మర్దన వంటి వాటితోపాటు శిక్షణ పొందినవారు వెన్నును చేత్తో సరిచేసే పద్ధతికి కూడా చోటిచ్చింది. దానివల్ల కొందరికి నొప్పి కొంత తగ్గుతుంది, కదలిక సులువవుతుంది. అయితే వ్యాయామం వల్ల కలిగే మేలు కంటె ఇది ఎక్కువేమీ కాదు. నడుముకు బెల్టు కట్టుకోవడాన్నీ, బరువులు వేలాడదీసి నడుము లాగించుకోవడాన్నీ అదే సంస్థ వద్దన్నది.

ఆ "టక్కు" అనే శబ్దం వినగానే పూస చోటుకు వచ్చిందని సంతోషిస్తాము. అది నిజం కాదు. కీలు మధ్య ఉండే జిగట ద్రవంలో గాలిబుడగ ఏర్పడటం వలన ఆ చప్పుడు వస్తుంది. వేళ్ళు విరుచుకొన్నప్పుడు వచ్చేదీ అదే. చప్పుడు వచ్చినంత మాత్రాన జబ్బు పోయినట్లు కాదు. రాకపోతే పోనట్లూ కాదు.

మెడ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మెదడుకు రక్తం తీసుకొనిపోయే నాళాలు మెడపూసల గుండా పోతాయి. మెడను ఒక్కసారిగా గట్టిగా తిప్పితే, అరుదుగానైనా సరే, ఆ నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉన్నది. కాబట్టి క్షవరం చేయించుకొనేటప్పుడు మెడ విరిపించుకోవద్దు. ఎదురుకాళ్ళతో పుట్టినవారైనా, ఏ కాళ్ళతో పుట్టినవారైనా నడుము మీద తొక్కవద్దు. కైరోప్రాక్టిక్‌కు మన దేశంలో ప్రత్యేకమైన వైద్య మండలి లేదు. బోర్డు పెట్టిన ప్రతివారూ చదువుకొన్నవారు కారు. చేయించుకోదలిస్తే ముందు డాక్టరుకు చూపించుకొని, ఆపైన అర్హత ఉన్న ఫిజియోథెరపిస్టు దగ్గరకు పోవడం క్షేమం. "ఇరవైసార్లు రావాలి, ముందే డబ్బు కట్టాలి" అనేవారి దగ్గర ఆలోచించుకోండి.

ఎప్పుడు ఆస్పత్రికి పోవాలి?

కొన్ని నొప్పులు మామూలువి కావు. ఈ క్రింది గుర్తులు ఉంటే మర్దన, విరవడం, తొక్కడం ఏవీ చేయించవద్దు.

1. మూత్రం బిగబట్టడం లేదా తెలియకుండా పోవడం, మలం ఆగకపోవడం, తొడల లోపల, పిరుదుల మధ్య తిమ్మిరి, కాళ్ళలో బలం తగ్గడం. ఇది నరాలు నలిగిపోతున్న గుర్తు. గంటలు లెక్కపెట్టుకొని పెద్దాస్పత్రికి చేరాలి. ఆలస్యమైతే ఆ బలం తిరిగి రాకపోవచ్చు.

2. నడుము నొప్పితోపాటు సాయంత్రం జ్వరం, చెమటలు, ఆకలి లేకపోవడం, చిక్కిపోవడం. వెన్నెముకకు క్షయ పట్టినా ఇలాగే ఉంటుంది. మన దేశంలో ఇది అరుదు కాదు. మందులతో నయమవుతుంది, ఆ పూసను విరిస్తే మాత్రం మనిషి కాళ్ళు పడిపోవచ్చు.

3. తాటిచెట్టు మీద నుంచి, ట్రాక్టరు మీద నుంచి, గడ్డివామి మీద నుంచి పడిన తరువాత వచ్చిన నొప్పి. ముసలివారిలో, ముఖ్యంగా ఆడవారిలో, ఎముకలు గుల్లబారి చిన్న దెబ్బకే పూస చితికిపోవచ్చు.

4. రాత్రిళ్ళు పడుకొన్నా తగ్గని నొప్పి. ఇంతకుముందు క్యాన్సరు వచ్చినవారికి కొత్తగా వచ్చిన నొప్పి.

5. ఎడమ భుజం, దవడ, ఛాతీ పట్టేసి చెమటలు పోయడం. ఇది భుజం నొప్పి కాదు, గుండెపోటు కావచ్చు. వెంటనే 108కి ఫోను చేయండి.

మరొకటి. భుజం నెలల తరబడి బిగుసుకుపోయి చేయి వెనక్కు పోకపోతే షుగరు పరీక్ష చేయించండి. షుగరు ఉన్నవారిలో ఇది ఎక్కువగా వస్తుంది.

పని మానకుండా నడుమును కాపాడుకోవడం

ఎవరు ఎంత బాగా తోమినా, మరునాడు అదే పద్ధతిలో పనిచేస్తే అదే నొప్పి వస్తుంది. చేను గట్టు తెగినచోట మట్టి వేయకుండా నీళ్ళు తోడిపోస్తే ఏం లాభం?

బరువు ఎత్తేటప్పుడు బస్తాకు దగ్గరగా నిలబడి, మోకాళ్ళు వంచి, బస్తాను ఒంటికి ఆనించుకొని, కాళ్ళ బలంతో లేవండి. తిరగాలంటే నడుము తిప్పకుండా పాదాలు తిప్పండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారం మగ కూలీ మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడాలి. మన 75 కిలోల వడ్ల బస్తా దానికి 20 కిలోలు ఎక్కువ! తెలంగాణ కొనుగోలు కేంద్రాల్లో 40 కిలోల సంచులే తూస్తున్నారు. ఇంటిదగ్గర కూడా చిన్న సంచులే నింపుకోండి. పెద్ద బస్తా అయితే ఇద్దరు పట్టండి.

మందు డబ్బాను నేలమీద నుంచి ఎత్తి భుజాన వేసుకోవద్దు. గట్టు మీదనో అరుగు మీదనో పెట్టి, వీపు ఆనించి పట్టీలు తగిలించుకోండి. రెండు పట్టీలూ వేసుకోండి. డబ్బా నిండా పట్టకుండా ముప్పాతిక పడితే ఒక నడక పెరుగుతుందేమో గాని నడుము మిగులుతుంది.

నాట్లలో, కలుపులో అరగంటకు ఒకసారి నిటారుగా నిలబడి, రెండు చేతులూ నడుముకు ఆనించి, మెల్లగా వెనక్కు నాలుగైదుసార్లు వంగండి. భుజాలు వెనక్కు విరిచి వదలండి. దీనికి పట్టేది ఒక్క నిమిషం. కూలీలు నడుము ఎత్తితే పని పోతుందని గట్టుమీద నిలబడి కేకలు వేసే ఆసాములు ఒక్కసారి ఆలోచించాలి. నడుము పడిపోయిన కూలీ మరునాడు అసలు రాదు గదా! వీలున్నచోట డ్రమ్ సీడరుతో విత్తుకొంటే నాటు బాధే ఉండదు. వరుసల్లో ఉన్న వరిలో నిలబడి తోసే వీడరు వాడవచ్చు. పార, దంతె పిడులు మీ ఎత్తుకు సరిపడా పొడవుగా వేయించండి.

వ్యవసాయ విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. పొలంబడిలో వంగడాలు, ఎరువులు, పురుగులు చెప్తున్నారు. అందులో పది నిమిషాలు ఈ విషయానికి ఇవ్వండి. కొత్త పనిముట్టు చూపేటప్పుడు పిడి ఎత్తు ఆడవాళ్ళకు సరిపోతుందా అని వారిచేతికే ఇచ్చి చూడండి. ప్రమాద గుర్తులు ఉన్నవారిని ఆశా కార్యకర్తతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి.

చివరగా, గుర్తుంచుకోవలసినవి ఇవి. మామూలు నడుము నొప్పికి భయపడవద్దు, మంచం పట్టవద్దు, మెల్లగా కదలండి. తెలిసినవారి చేతి వైద్యం కొంత ఉపశమనం ఇస్తుంది. అది సర్వరోగ నివారిణి కాదు. మెడను ఎవరిచేతా విరిపించవద్దు. తిమ్మిరి, జ్వరం, మూత్రం బిగబట్టడం కనబడితే ఆస్పత్రికి. అన్నిటికీ మించి, వంగే పద్ధతి, ఎత్తే పద్ధతి మార్చుకోండి. పంటకు తెగులు వచ్చాక మందు కొట్టడం కంటె రాకుండా చూసుకోవడం మేలని మీరే అంటారు. నడుముకూ అదే వర్తిస్తుంది.