యాభయ్యొక్క గంటలకో పుష్కరం!

అదో మహా గ్రహం. కాలు మోపడానికి నేల లేదు, గుక్కెడు నీళ్లు లేవు. ఉన్నదల్లా వాయువు... కొలిమిని మించిన వేడి! దానికి పేరు పెట్టింది మాత్రం మన దేశమే. కంటికి కనిపించని ఆ లోకాన్ని శాస్త్రవేత్తలు పట్టుకున్న కిటుకు ఏమిటో తెలుసుకోవాలంటే తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దాకా వెళ్తే చాలు.

గురుగ్రహం సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరిగి రావడానికి దాదాపు పన్నెండేళ్లు పడుతుంది. మన పుష్కరాల లెక్క పుట్టింది అక్కడే. గురుడు ఏడాదికో రాశి చొప్పున నడుస్తుంటాడు, రాశికో నది చొప్పున పుష్కరం వస్తుంటుంది. ఒకసారి గోదావరి పుష్కరాల్లో మునిగినవాళ్లు మళ్లీ మునగాలంటే పన్నెండేళ్లు ఆగాల్సిందే.

మరి అదే గురుడు సూర్యుడికి బాగా దగ్గరగా, బుధుడికన్నా దగ్గరగా జరిగితే? గంటల్లోనే చుట్టేస్తాడు. ఇది ఊహ కాదు. భూమికి సుమారు 340 కాంతి సంవత్సరాల దూరంలో అలాంటి 'గురుడు' ఒకడున్నాడు. తన నక్షత్రాన్ని చుట్టిరావడానికి అతనికి పట్టేది 51 గంటలే! మనకు ఈ ఉగాది నుంచి వచ్చే ఉగాదికి అక్కడ 170 ఏళ్లు గడిచిపోతాయన్నమాట.

పేరు మనదే!

ఆ గ్రహం పేరు సంతమస. 2006లో 'ఎన్‌2కె' అనే ఖగోళ శాస్త్రజ్ఞుల బృందం దీన్ని కనిపెట్టింది. అప్పట్లో దానికి పేరంటూ లేదు. హెచ్‌డి 86081 అనే నక్షత్రం పక్కన 'బి' అక్షరం, అంతే. 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘం తన వందేళ్ల పండుగ సందర్భంగా ఒక్కో దేశానికీ ఒక నక్షత్రాన్నీ దాని గ్రహాన్నీ అప్పగించి, పేర్లు పెట్టుకోమంది. మనవాళ్లు నక్షత్రానికి 'విభా' అని పెట్టారు. కాస్మిక్ కిరణాలపై పరిశోధించిన బెంగాలీ శాస్త్రవేత్త విభా చౌధురి జ్ఞాపకంగా. గ్రహానికేమో మబ్బు కమ్మినదన్న భావంతో సంస్కృతం నుంచి 'సంతమస' అని ఎంచారు. అమరకోశం చదువుకున్న పెద్దలను అడిగి చూడండి. సంతమసమంటే అన్ని వైపులా కమ్ముకున్న చీకటి అని ఠక్కున చెబుతారు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రి తొమ్మిదింటప్పుడు తిరుపతిలో ఆరుబయట నిలబడి తలెత్తితే మఖ నక్షత్రం దాదాపు నడినెత్తిన ఉంటుంది. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగించి, అక్కడి నుంచి దక్షిణంగా ఒకటిన్నర పిడికిళ్లు కొలవండి. విభా ఉన్నది ఆ చుట్టుపక్కలే. మామూలు కంటికి ఆనదు. చిన్న టెలిస్కోప్ కావాలి. ఇక సంతమస అంటారా... ఎంత పెద్ద టెలిస్కోప్ పెట్టినా ఆ వెలుగులో విడిగా కనిపించేది కాదు. మరెలా కనిపెట్టారు?

గాదంకి కిటుకు

రైల్వే గేటు దగ్గర నిలబడ్డప్పుడు గమనించే ఉంటారు. రైలు మనవైపు వస్తున్నంతసేపూ కూత సన్నగా, కీచుగా ఉంటుంది. దాటిపోగానే బొంగురుగా మారుతుంది. దీన్నే డాప్లర్ ప్రభావం అంటారు. దగ్గరికొచ్చే వస్తువు నుంచి తరంగాలు దగ్గరదగ్గరగానూ, దూరమయ్యే వస్తువు నుంచి ఎడంగానూ వస్తాయి. ఆ తేడాను కొలిస్తే వేగం ఎంతో చెప్పేయొచ్చు.

గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల చేసేది ఇదే. అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌కు వెయ్యికి పైగా యాంటెన్నాలున్నాయి. అవి రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపుతాయి. గాలిలోని సుడులకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిలో కాస్తంత మార్పు ఉంటుంది. దాన్ని బట్టి మన నెత్తిమీద పదిహేను, ఇరవై కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు, ఎంత జోరుగా వీస్తోందో లెక్కగడతారు. జులై, ఆగస్టు నెలల్లో ఆ ఎత్తున తూర్పు నుంచి గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో గాలి వీస్తుంటుంది. కింద మనకు ఆ ఊసే తెలియదు!

సంతమసను పట్టించిందీ ఇదే సూత్రం. గ్రహం లాగుడుకు నక్షత్రం కూడా కొద్దిగా ఊగుతుంది. ఒకసారి మనవైపు, ఒకసారి అవతలికి. విభా వెలుగును పరీక్షిస్తే ఆ ఊగిసలాట సెకనుకు సుమారు 200 మీటర్లని తేలింది. అంటే విమానమంత వేగం! దాన్నిబట్టి గ్రహం బరువు మన గురుడికి కనీసం ఒకటిన్నర రెట్లని లెక్క తేలింది. నక్షత్రానికీ దానికీ మధ్య దూరం 60 లక్షల కిలోమీటర్లకు లోపే. మన బుధుడు సూర్యుడికి ఉన్న దూరంలో పదో వంతన్నమాట. మే నెలలో తిరుపతి ఎండకే మనం అల్లాడిపోతాం. సంతమస మీద వేడి వెయ్యి డిగ్రీల పైమాటేనని అంచనా.

తుపాకీ గుండును మించిన గాలి

ఇలాంటి గ్రహాలను 'హాట్ జూపిటర్లు' అంటారు. చంద్రుడు మనకెప్పుడూ ఒక ముఖమే చూపించినట్టు, ఇవీ నక్షత్రానికి ఒకవైపే చూపిస్తాయని శాస్త్రవేత్తల లెక్క. ఒకవైపు ఆరని మంట, మరోవైపు తెల్లవారని రాత్రి. వేడి వైపు నుంచి చీకటి వైపుకు గాలి పరుగులు తీస్తుంది. హెచ్‌డి 209458బి అనే మరో గ్రహం మీద ఆ గాలి వేగం సెకనుకు దాదాపు రెండు కిలోమీటర్లని 2010లో తేల్చారు. తుపాకీ గుండుకు రెట్టింపు! 2025లో వాస్ప్-127బి దాన్నీ మించిపోయింది. అక్కడి గాలి వేగం గంటకు 33 వేల కిలోమీటర్లు. ఈ రెండు లెక్కలూ డాప్లర్ పుణ్యమే.

అంత దగ్గరికి ఎలా వచ్చాయి?

1995లో మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ 51 పెగాసి బి అనే గ్రహాన్ని ప్రకటించినప్పుడు చాలామందికి నమ్మకం కుదరలేదు. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ కనిపించిన తొలి గ్రహమది. నాలుగు రోజులకోసారి తిరిగొస్తోంది! ఆ ఇద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది. గురుడంత గ్రహాలు నీరు మంచుగా గడ్డకట్టేంత చలి ఉన్న దూరాల్లోనే పుడతాయన్నది అప్పటిదాకా నమ్మిన మాట. అందుకే ఇవి ఎక్కడో పుట్టి, లోపలికి జరిగాయని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు. పుట్టిన కొత్తలో చుట్టూ ఉన్న వాయువుల పళ్లెం ఈడ్చుకొచ్చి ఉండొచ్చు. లేదా మరో గ్రహం తోపులాటలో దారి తప్పి ఉండొచ్చు.

వచ్చినవన్నీ క్షేమంగా ఉన్నాయా అంటే అదీ లేదు. వాస్ప్-12బి అనే గ్రహం నక్షత్రంలోకి మెల్లగా జారిపోతోంది. దాని ఒక్కో చుట్టూ ఏటా 29 మిల్లీసెకన్ల చొప్పున తగ్గిపోతోంది. ముప్పై లక్షల ఏళ్లలో దాని కథ ముగిసిపోతుందని అంచనా.

ఇంకో మాట. హాట్ జూపిటర్లకు ఇరుగుపొరుగు ఉండటం బహు అరుదు. అంత పెద్ద గ్రహం లోపలికి దూసుకొస్తే దారిలో భూమిలాంటి చిన్న గ్రహాలు చెదిరిపోవచ్చు, అసలు పుట్టకుండానే పోవచ్చు. మన గురుడు ఆ పని చేయలేదు. సూర్యుడికి దాదాపు 78 కోట్ల కిలోమీటర్ల దూరంలో తన దారిన తాను తిరుగుతున్నాడు.

కాబట్టి ఈసారి పుష్కరానికి పన్నెండేళ్లు ఆగాలా అని విసుక్కోకండి. గురుడు అంత దూరాన, అంత నిదానంగా నడవబట్టే... మునగడానికి మనకో నది మిగిలింది!