ఒంటిస్తంభం మేడల ఊరు

ఆర్కన్సా రాష్ట్రం వాయవ్య మూలన, ఓజార్క్ కొండల నడుమ ఉన్న చిన్న నగరం బెంటన్‌విల్. దాని రాత మార్చింది ఒక అద్దె కాగితం.

తర్వాత వాల్‌మార్ట్ దుకాణాలను స్థాపించిన శామ్ వాల్టన్ అప్పట్లో అదే రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో దుకాణం నడిపేవారు. ఐదేళ్లలో వ్యాపారం బాగా పుంజుకుంది. గడువు తీరేసరికి భవనం యజమాని లీజు పొడిగించనన్నారు. పొడిగించుకునే హక్కు తనకుందని కాగితంలో రాయించుకోవడం వాల్టన్ మరిచిపోయారు. చేసేది లేక 1950లో మూటాముల్లె సర్దుకుని బెంటన్‌విల్ చేరారు. భార్య పుట్టింటికి దగ్గర, నాలుగు రాష్ట్రాలు చేరువలో ఉన్న చోటు కాబట్టి తన పిట్టల వేటకూ అనువు. ఈసారి మాత్రం తప్పు చేయలేదు. దుకాణం పెద్దది చేయడానికి కావలసిన పక్క క్షౌరశాలను ఏకంగా 99 ఏళ్లకు లీజు రాయించుకున్నారు.

అప్పుడు ఊరి జనాభా దాదాపు 3 వేలు. తొలి వాల్‌మార్ట్ 1962లో పొరుగున ఉన్న రోజర్స్‌లో తెరుచుకున్నా, ప్రధాన కార్యాలయం ఇక్కడే వెలిసింది. 2000లో 19,730 మంది ఉన్న ఊరు 2020 నాటికి 54,164కి చేరింది. ఇరవై ఏళ్లలో దాదాపు మూడింతలు!

అంగడి చుట్టూ ఊరు

వాల్‌మార్ట్‌కు సబ్బు అమ్మాలన్నా బిస్కట్ అమ్మాలన్నా కొనే అధికారులు కూర్చునేది ఇక్కడే. అందుకే వందల కంపెనీలు చుట్టుపక్కల ఆఫీసులు తెరిచాయి. ఈ ప్రాంతానికి ‘వెండర్‌విల్’ అన్న ముద్దుపేరు అలా వచ్చింది. 2011లో శామ్ కుమార్తె ఆలిస్ వాల్టన్ చొరవతో ‘క్రిస్టల్ బ్రిడ్జెస్’ కళా మ్యూజియం తెరుచుకుంది. అడవిలో సైకిల్ బాటలు పరుచుకున్నాయి. 2020 చివర్లోనైతే, ఇంటి నుంచి పనిచేసుకునేవాళ్లు ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడితే 10,000 డాలర్లు, ఒక సైకిలు ఇస్తామంటూ వాల్టన్ కుటుంబ ఫౌండేషన్ డబ్బుతో ఒక పథకమే పెట్టారు.

2024లో వాల్‌మార్ట్ డాలస్, అట్లాంటా, టొరంటో ఆఫీసుల్లోని ఉద్యోగుల్లో చాలామందిని బెంటన్‌విల్ రమ్మంది. 2025 జనవరిలో దాదాపు 350 ఎకరాల కొత్త ప్రాంగణాన్ని ప్రారంభించింది.

ఇంత జనం వచ్చిపడితే ఇళ్ల ధరలు ఊరుకుంటాయా? కరోనాకు ముందు బెంటన్ కౌంటీలో అమ్ముడైన ఇంటి సగటు ధర రెండున్నర లక్షల డాలర్ల ప్రాంతంలో ఉండేది. కొద్ది ఏళ్లలోనే 4 లక్షలు దాటింది. పెద్ద నగరంలో ఇల్లు అమ్ముకుని వచ్చినవాళ్లకు ఆ ధర చవకే. ఇక్కడే పుట్టి, ఇక్కడి జీతంతో బతికేవాళ్లకు అదే ఇల్లు ఆకాశంలో ఉంది.

కదలని పాతకాపులు

ధరకు తోడు వడ్డీ. అమెరికాలో 30 ఏళ్ల గృహరుణానికి సగటు వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతానికి దిగింది. 2023 అక్టోబరుకల్లా 7.79 శాతానికి ఎక్కింది. 4 లక్షల డాలర్ల ఇంటికి 80 వేలు ముందే కట్టి, మిగతా 3.2 లక్షలు అప్పు తీసుకున్నారనుకుందాం. తక్కువ వడ్డీ రోజుల్లో నెల వాయిదా దాదాపు 1,290 డాలర్లు. ఎక్కువ వడ్డీ రోజుల్లో అదే అప్పుకు దాదాపు 2,300. అప్పట్లో తక్కువ వడ్డీ దొరికినవాళ్లు మరి ఇల్లు అమ్మి మారడానికి ఎందుకు ఇష్టపడతారు?

పన్నుల లెక్కా అంతే. ఆర్కన్సాలో యజమాని తానే ఉండే ఇంటిపై పన్ను లెక్కించే విలువను ఏడాదికి 5 శాతానికి మించి పెంచకూడదు. ఇల్లు చేతులు మారితే మాత్రం ఆ విలువను మళ్లీ మార్కెట్ ధరను బట్టి లెక్కకడతారు. పాతకాపుకు కదలకపోవడమే లాభం. ఆ భారమంతా కొత్తగా కొనేవాళ్ల నెత్తిన పడుతుంది.

ఈ లెక్కల మధ్య నలిగేది టీచర్లు, నర్సులు, హోటల్ పనివాళ్లు. చివరికి స్కూల్ డిస్ట్రిక్టే తన స్థలంలో టీచర్లకు అందుబాటు ధరలో ఇళ్లు కట్టించే ప్రతిపాదన ముందుకు తెచ్చింది. స్తోమతు చాలనివాళ్లు పడమటి పొరుగూరు సెంటర్టన్ దారి పట్టారు. 2000లో 2,146 మంది ఉన్న ఆ పల్లెలో 2020కి 17,792 మంది తేలారు. పచ్చిక మేసే పశువుల స్థానంలో ఒకే అచ్చులో పోసిన ఇళ్ల వరసలు లేచాయి.

మేడ ఊగిన రోజు

మన జానపద కథల్లో రాకుమారిని ఒంటిస్తంభం మేడలో దాచేవారు. బెంటన్‌విల్ ఇళ్ల విలువ అలాంటి మేడే. వాల్‌మార్ట్ అనే ఆ స్తంభం గట్టిదే కానీ, గాలివాన ఎప్పుడూ రాదని కాదు. 2000ల మధ్యలో ఆశకొద్దీ విపరీతంగా ప్లాట్లు వేశారు. రోడ్లు, వీధిదీపాలు ఉన్నా ఇళ్లు లేని కాలనీలు మిగిలిపోయాయి. 2008 మే 9న బెంటన్‌విల్‌కే చెందిన ఏఎన్‌బీ ఫైనాన్షియల్ బ్యాంకు మూతపడింది. దాని ఆస్తులు సుమారు 210 కోట్ల డాలర్లు. అప్పుడు కూడా వాల్‌మార్ట్ లాభాల్లోనే ఉంది. స్తంభం చెక్కుచెదరకపోయినా మేడ ఊగింది.

మనవాళ్ల లెక్క

వాల్‌మార్ట్ టెక్నాలజీ ఉద్యోగాలు, వాటి చుట్టూ అల్లుకున్న కన్సల్టింగ్ కంపెనీలు తెలుగువాళ్లనూ ఈ ఊరికి రప్పించాయి. వాళ్లలో హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఇల్లు కొనడమంటే ధర, వడ్డీలతో తెగే లెక్క కాదు. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి మామూలుగా దొరికే గడువు 60 రోజులు. ఇంటి అప్పు 30 ఏళ్లు. గ్రీన్‌కార్డు వరస ఎప్పటికి కదులుతుందో తెలియదు. అద్దె కడుతూ ఉంటే డబ్బు బూడిదలో పోసినట్టనిపిస్తుంది. కొంటే, ఉద్యోగమూ ఇంటి విలువా రెండూ ఒకే కంపెనీ మీద ఆనుకుంటాయి. చిన్న ఊళ్లో ఆ కంపెనీ ఒక్కసారి వందలమందిని తగ్గిస్తే, అమ్మకానికి బోర్డులు కూడా ఒక్కసారే లేస్తాయి.

అప్పట్లో నిలువ నీడ పోగొట్టుకున్న దుకాణదారుడు ఆ అనుభవంతో 99 ఏళ్ల భరోసా కాగితం మీద రాయించుకున్నారు. ఆయన కంపెనీని నమ్ముకుని వచ్చినవాళ్లు మాత్రం ఇవాళ ఏడాది లీజు పొడిగించాలా, 30 ఏళ్ల అప్పుకు సంతకం పెట్టాలా అని భోజనాల బల్ల దగ్గర కూడికలు, తీసివేతలు వేసుకుంటున్నారు.