డీబగ్గరు ఏల కూలును?

భద్రాచలమువద్ద గోదావరి నీటిమట్టము 43 అడుగులు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని జారీచేయుదురు. 1986లో నది 75.6 అడుగులవరకు, 2022 జూలైలో 71.3 అడుగులవరకు పెరిగినది. మట్టమునుబట్టి హెచ్చరిక సంఖ్యను తెలుపు చిన్న ప్రోగ్రామును ఒక విద్యార్థి సీ భాషలో వ్రాసెననుకొందము. 50 అడుగులకు 2 రావలసినచోట 1 వచ్చినది. తప్పెక్కడ ఉన్నదో చూడవలెనని డీబగ్గరును తెరవగా, ప్రోగ్రాము ఒక్క వరుసయైనను నడవకమునుపే డీబగ్గరే కూలిపోయినది!

ఇట్టిచోట విద్యార్థి తన ప్రోగ్రామునే నిందించుకొని గంటలకొలది తిరిగి వ్రాయుట కద్దు. అతని తప్పు చిన్నది. 43తో పోల్చుటను మొదట పెట్టుటచే 50 అక్కడనే ఆగిపోయినది. దానికిని, డీబగ్గరు కూలుటకును ఏ సంబంధమును లేదు.

మనము వ్రాసిన ప్రోగ్రామును కంపైలరు యంత్రాదేశములుగా మార్చును. ఆ ఆదేశములలో 'మట్టము' అను పేరుగాని, వరుస సంఖ్యగాని ఉండదు. 'మైనస్ జి' అను సూచన నిచ్చినచో కంపైలరు ఒక పటమునుకూడ వ్రాసిపెట్టును. ఏ ఆదేశము ఏ వరుసనుండి పుట్టినది, ఏ చలరాశి ఎక్కడ నిలువయున్నది అను సంగతులు అందుండును. లినక్సులో ఈ పటమును వ్రాయు పద్ధతికి డ్వార్ఫ్ అని పేరు. ప్రోగ్రాము ఫైలు పద్ధతి పేరు ఎల్ఫ్, అనగా వనదేవత. ఆమెకు తోడుగా ఈ మరుగుజ్జును చేర్చినారు! దీని రెండవ కూర్పు 1993లోను, మూడవది 2005లోను, నాల్గవది 2010లోను, అయిదవది 2017లోను వెలువడినవి.

చింతూరు, కూనవరము 2014వరకు ఖమ్మము జిల్లాలోనివి. ఆ యేట ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాచలము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. ఊళ్లు కదలలేదు, శబరి గోదావరిలో కలియు చోటును మారలేదు. అయినను 2013నాటి సూచిక పట్టుకొని 2017నాటి పటమును చదువబోయినవాడు దారితప్పును.

డ్వార్ఫ్‌లోను ఇదియే చిక్కు. నాల్గవ కూర్పు శీర్షికలో క్రమమిది: పొడవునకు 4 బైట్లు, కూర్పు సంఖ్యకు 2, సంక్షేప పట్టిక ఉన్న చోటునకు 4, చిరునామా పరిమాణమునకు 1, మొత్తము 11. అయిదవ కూర్పులో కూర్పు సంఖ్య తరువాత విభాగపు రకము 1, చిరునామా పరిమాణము 1 వచ్చి, పట్టిక చోటు చివరకు పోయినది, మొత్తము 12. రకము 1, పరిమాణము 8, పట్టిక చోటు 0 అయినచో బైట్లు 1, 8, 0, 0, 0, 0 అని యుండును. వీనిని పాత క్రమమున చదివినచో పట్టిక 1 + 8 × 256 = 2049వ స్థానమున ఉన్నట్లును, చిరునామా పరిమాణము సున్న అయినట్లును తేలును! అంత దూరమున పట్టికయే లేకపోవచ్చును. జాగ్రత్తగల డీబగ్గరు కూర్పు సంఖ్యను ముందే చూచి, 'ఇది 5, నాకు 2, 3, 4 మాత్రమే తెలియును' అని ఆగిపోవును. పాత జీడీబీ అట్లే చెప్పును. పరీక్షింపక చదివినది కూలును. పటమెంత చెడినను డీబగ్గరు కూలరాదు. కూలినచో అది దాని లోపమే.

జీసీసీ కంపైలరు 2021లో వచ్చిన 11వ కూర్పునుండి అడుగకయే అయిదవ డ్వార్ఫ్‌ను వ్రాయుచున్నది. కంపైలరును మాత్రము మార్చి పాత డీబగ్గరును ఉంచిన ప్రయోగశాలలలో ఈ చిక్కు వచ్చుటకు అవకాశమున్నది.

డీబగ్గరు నిలిచియుండి, 'ప్రోగ్రామునకు సెగ్మెంటేషన్ ఫాల్ట్ కలిగినది' అని చెప్పినచో తప్పు మనదే. అదియే మాయమైనచో, ప్రోగ్రాముయొక్క నకలు తీసి 'స్ట్రిప్' ఆదేశముతో అందలి పటమును తొలగించి చూడవలెను. నకలుతో డీబగ్గరు చక్కగా నడచినచో అనుమానము పటముపైననే. 'రీడెల్ఫ్' సాధనము ఆ పటపు కూర్పును చూపును. డీబగ్గరును నవీకరించుట మేలు. వీలుకానిచో 'మైనస్ జీడ్వార్ఫ్ మైనస్ 4' అను సూచనతో మరల కంపైలు చేయవలెను. అప్పుడు పాత ఆబ్జెక్టు ఫైళ్లనన్నిటిని తుడిచివేయవలెను, లేనిచో పాత పటములు క్రొత్తవానితో కలసిపోవును. ఇతరులు ముందే కంపైలు చేసియిచ్చిన లైబ్రరీలు తమ పటములను తామే తెచ్చుకొనును గనుక, మన ఫైళ్లన్నియు సరియైన తరువాతను డీబగ్గరు కూలుచున్నచో వానిని ఒక్కొక్కటిగా రీడెల్ఫ్‌తో చూడవలసియుండును.